బడికి నూరు గజాల దూరం

పొగకీ చదువుకీ సంబంధం ఏమిటని అడిగితే తెలుగువాళ్ళకి ముందుగా జ్ఞాపకం వచ్చేవాడు గిరీశం. 1892లో రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, 1909లో మళ్ళీ పెరిగి పెద్దదై వచ్చిన కన్యాశుల్కంలో ఆ మహానుభావుడు వెంకటేశానికి చదువు చెబుతున్నానన్న పేరుతో చేసిన నిర్వాకం మనకి తెలిసిందే. ఆ గురువుగారి దగ్గర తనకి అబ్బిన విద్య చుట్ట ఒక్కటేనని కుర్రాడు మొహంమీదే అనేస్తాడు. నూరేళ్ళకి పైబడి మనం ఆ మాటకి నవ్వుతున్నాం. నవ్వవలసిన మాటే. నవ్వు ఆగాక కొంచెం ఆలోచిస్తే మాత్రం మన బడుల చరిత్ర సగం అందులోనే వుందనిపిస్తుంది. పిల్లవాడికి ఎక్కం రాకపోవచ్చు, పద్యం రాకపోవచ్చు. అయ్యవారు మాత్రం తప్పకుండా వచ్చేస్తాడు. ఆయన నడక, ఆయన దగ్గు, ఆయన వేళ్ళ మధ్య వెలిగేది, అన్నీ వచ్చేస్తాయి.

వెంకటేశం చదువు వెలగబెట్టింది విజయనగరంలో. మా చిత్తూరు వైపు అయివార్ల సంగతి చెప్పుకోవాలంటే ఇంకా కొంచెం వెనక్కి వెళ్ళాలి. తిరుమలకి వెళ్ళివచ్చేవాళ్ళు మన్రో గంగాళం పేరు వినే వుంటారు. ఆ మన్రో దొరే, సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా వుండగా 1822లో కలెక్టర్లందరికీ ఒక తాకీదు పంపాడు. మీ మీ జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏయే కులాలవాళ్ళెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, లెక్క రాసి పంపండి అన్నాడు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేది లేదు. అది పుట్టింది 1911లో. ఈ వూళ్ళన్నీ ఉత్తర ఆర్కాడులో కొన్ని, కడపలో కొన్నిగా చెదిరి వుండేవి. రాజధాని మొత్తం మీది లెక్కలన్నీ కూడేసరికి 1826 వచ్చింది. తేలినవి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు.

ఇంత వివరంగా రాసిన ఆ పట్టీల్లో పొగాకుకి గడి లేదు. ఎందుకుంటుంది? అయివారు అరుగు మీద కూచుని చుట్ట కాల్చినా, నశ్యం పీల్చినా అది లెక్కకెక్కవలసిన విషయమని దొరకి గాని, కలెక్టరుకి గాని, కన్నతల్లికి గాని తోచే కాలం కాదది. నిజానికి పొగాకు మన వూరి మొక్క కాదు. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిన పరాయి ఆకు. 1617లో జహంగీరు పాదుషా దీన్ని తాగవద్దని ఫర్మానా కూడా జారీ చేశాడు. పాదుషా మాట అది వినలేదు. రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి తాతల కాలంనాటి ఆచారమంత పెద్దరికం సంపాదించుకుంది. పెద్దరికం వచ్చినదాన్ని గుమ్మం బయట నిలబెట్టడం మన దేశంలో ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా?

అరుగు బడికి ఒక సుగుణం వుంది. గోడలు లేవు. పొగ తన దారిన తాను పోయేది. తర్వాత గోడలొచ్చాయి. జిల్లా బోర్డుల కాలంలో కొట్టాలు, పంచాయతీ సమితుల కాలంలో పెంకుల గదులు. పల్లెల్లో బడి అంటే ఒకే గది, ఒకే అయివారు, ఐదు తరగతులు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే పథకం మొదలయ్యాకే, బడికి కనీసం రెండు గదులూ ఒక వరండా వుండాలనీ, ఇద్దరు టీచర్లుండాలనీ, వాళ్ళలో ఒకరు ఆడమనిషి అయితే మంచిదనీ ప్రభుత్వం గట్టిగా అనుకుంది. అంటే అంతవరకూ చాలా పల్లెల్లో అయివారి పొగా పిల్లల ఊపిరీ ఒకే గదిలో కాపురం చేశాయన్నమాట.

నేను మూడో తరగతి చదివింది అలాంటి ఒంటిగది బడిలోనే, చంద్రగిరి దాటాక ఒక చిన్న పల్లెలో. మా అయివారు చాలా మంచాయన. ఎవరినీ కొట్టేవారు కాదు. లెక్కలు మొదలుపెట్టేముందు మాత్రం ఎవరో ఒకరిని పిలిచి, "మే పాపా, పొయ్యి అంగట్లో రెండు బీడీలు ఎత్తుకరా" అనేవారు. ఆ పిలుపు కోసం మేం పోటీలు పడేవాళ్ళం. అయివారి పని చేసిపెట్టడమంటే ఆరోజుకి క్లాసులో మనమే గొప్ప. అగ్గిపుల్ల వాసనా, సుద్దముక్క వాసనా కలిసిపోయి, పదిహేనో ఎక్కం అంటే ఇప్పటికీ నాకు ఆ వాసనే జ్ఞాపకం. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి బీడీలివ్వడంలో తప్పుందని ఆయనకి తోచలేదు, అంగడాయనకి తోచలేదు, మా అమ్మకీ తోచలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. లోకం అలా వుండేది.

లోకం మారడానికి కారణం డాక్టర్లు. మా మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగులకి శానిటోరియం తెరిచారు. క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ అనే డేనిష్ డాక్టరు దాన్ని నిలబెట్టాడు. క్షయకి మందు లేని రోజులవి. ఆ కొండగాలే మందు. ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వచ్చేది పీల్చుకోడానికి మంచి గాలి కోసం. అంటే గాలి విలువ తెలిసిన జిల్లాయే మాది. కాని పొగకీ రొమ్ముజబ్బులకీ వున్న చుట్టరికం లెక్కలతో బయటపడడానికి చాలా కాలం పట్టింది. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్టు వూపిరితిత్తుల కేన్సరుకి కారణమని తేల్చి చెప్పింది. మన పక్కనే తమిళనాడులో చనిపోయిన 43,000 మంది మగవాళ్ళ వివరాలు సేకరించి చేసిన పరిశోధన 2003లో వెలువడింది. క్షయతో పోయిన మగవాళ్ళలో సుమారు సగంమంది చావులకి పొగే కారణమని అది చెప్పింది. ఆరోగ్యవరంలో గాలిమందు తాగి బయటికొచ్చిన రోగి మళ్ళీ బీడీ ముట్టిస్తే ఏం జరుగుతుందో ఇక మీరే వూహించుకోండి.

తాగేవాడి సంగతి అలా వుంచండి. తాగనివాడి మాటేమిటి? 1981లో జపాను డాక్టరు హిరయామా 91,540 మంది పొగతాగని ఇల్లాళ్ళ ఆరోగ్యాన్ని పద్నాలుగేళ్ళపాటు గమనించి ఒక వ్యాసం రాశాడు. భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకి వూపిరితిత్తుల కేన్సరు భయం అంత ఎక్కువట. 1986లో అమెరికా సర్జన్ జనరల్ మళ్ళీ ఒక నివేదిక రాసి, పక్కవాళ్ళ పొగ పిల్లల వూపిరితిత్తుల్ని కూడా వదలదని చెప్పాడు. 2006లో ఇంకో నివేదిక, ఇంత పొగ వరకూ ఫరవాలేదు అనే హద్దంటూ ఏదీ లేదని చెప్పేసింది. కిటికీ తెరిచినా, పంకా తిప్పినా, ఆ మూలకి వెళ్ళి తాగినా గది గదే. పెద్దవాళ్ళకన్నా పిల్లలు ఎక్కువసార్లు వూపిరి తీస్తారు. పైగా లేచి బయటికి వెళ్ళే స్వేచ్ఛ వాళ్ళకి లేదు. అయివారిని అడక్కుండా కాలు కదపకూడదని మనమే నేర్పాం కదా!

ఇంకో లెక్క నన్ను ఎక్కువగా కలతపెట్టింది. 2019లో దేశమంతటా 13 నుంచి 15 ఏళ్ళ బడిపిల్లల మీద జరిగిన సర్వేలో నూటికి ఎనిమిదిన్నర మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. సిగరెట్టు తాగినవాళ్ళలో నూటికి 38 మంది, బీడీ తాగినవాళ్ళలో నూటికి 47 మంది మొదటిసారి రుచి చూసింది పదేళ్ళు నిండకముందే. పదేళ్ళు నిండకముందు అంటే మూడు, నాలుగు తరగతులు. హైస్కూలు కుర్రాళ్ళ మీద, కాలేజీ కుర్రాళ్ళ మీద మనం కళ్ళెర్రజేస్తున్నాం. అసలు పాఠం జరిగేది ప్రాథమిక పాఠశాలలోనే.

చట్టాలు లేకపోలేదు. చిన్నపిల్లలకి పొగాకు అమ్మరాదని పంజాబులో 1918లోనే, బెంగాలులో 1919లోనే చట్టం చేశారు. అవి ఆ రాష్ట్రాల మాట. 1999 జులైలో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆ మాట దేశం మొత్తానికి చెప్పింది. ఆస్పత్రులు, కోర్టులు, రైళ్ళతోపాటు విద్యాసంస్థలనీ పేరుపెట్టి చెప్పింది. 2003లో పార్లమెంటు చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి పొగాకు అమ్మకూడదు. బడి చుట్టూ నూరు గజాల లోపల అసలే అమ్మకూడదు. ఆ నూరు గజాలూ ఎక్కణ్ణించి కొలవాలో కూడా 2004లో రాశారు. బడి ప్రహరీ బయటి అంచు నుంచి, నాలుగు వైపులా. 2008 అక్టోబరు 2న, గాంధీగారి పుట్టినరోజున, కొత్త నియమాలు వచ్చాయి. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు బోర్డు గుమ్మంలో పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో పేరు రాయాలి. లోపల యాష్‌ట్రే అనేది కనపడకూడదు. బీడీలు తెమ్మని పసిపిల్లని పంపే అయివారి కాలం కాగితం మీద అక్కడితో ముగిసింది. అయివారి కోసమే అయినా సరే, పిల్ల చేతికి అంగడివాడు బీడీ ఇవ్వకూడదు.

ఇక్కడ చరిత్ర చేసిన చిన్న చమత్కారం చెప్పాలి. బడుల్లో పొగ వద్దని సుప్రీంకోర్టు చెప్పిన ఆ నవంబరు నెలలోనే, 28వ తేదీన, అదే కోర్టు ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ వండిన భోజనం పెట్టమని ఆజ్ఞాపించింది. మన రాష్ట్రంలో అది 2003 జనవరిలో మొదలైంది. ఒక పొగ పొమ్మంటే ఇంకో పొగ వచ్చిందన్నమాట! పచ్చికట్టెలతో, కళ్ళు తుడుచుకుంటూ, వరండా చివర అన్నం వండిన ఆడవాళ్ళని నేను చూశాను. అది ఆకలి తీర్చే పొగ, దాన్ని బీడీపొగతో పోల్చడం అన్యాయమే. అయినా వండే ఆమె వూపిరితిత్తులకీ పక్కగదిలో పిల్లలకీ ఆ తేడా తెలియదు. వంటగది వేరే కట్టి, గ్యాసు పొయ్యి ఇచ్చిన బడుల్లో ఆ బాధ తీరింది. అది లేనిచోట, పొగలేని బడి అనే బోర్డు ఇంకా సగం మాటే.

సరే, ఇప్పటి మాట. ఈకాలం టీచర్లు క్లాసులో బీడీ కాల్చరు. ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆడటీచర్లు ఎక్కువయ్యాక అయితేనేం, చదువుకున్న తల్లులు వచ్చి అడగడం వల్లనైతేనేం, ఆ అలవాటు గదిలోంచి పోయింది. మరి పొగ ఎక్కడుంది? బడి వేళ దాటాక వుంది.

మన పల్లెల్లో బడి ఒక్క పిల్లలదే కాదు. వూరికి వున్న గట్టి కప్పు అదే. ఎలక్షను వస్తే పోలింగు బూతు. పెళ్ళొస్తే మగపెళ్ళివాళ్ళ విడిది. జాతరకి వచ్చిన నాటకం వాళ్ళకి బస. తుఫానొస్తే వాననీళ్ళు చొరబడిన ఇళ్ళవాళ్ళకి ఆశ్రయం. ఏమీ లేని రాత్రి పేకాటరాయుళ్ళకి వరండా. ఎవరినీ కాదనలేం, కాదనకూడదు కూడా. వూరు కట్టుకున్న బడి వూరికి పనికిరావాలి. అయితే సోమవారం పొద్దున తలుపు తీసేసరికి ఒకటో తరగతి గదిలో ఏముంటాయి? బీడీ ముక్కలు, కాలిన అగ్గిపుల్లలు, ఖైనీ కవర్లు, గోడ మూల ఎర్రటి వుమ్ములు. ఐదేళ్ళ బుడతడు వాటిని ఏరి, పెదాల మధ్య పెట్టుకుని, నాన్నలా దగ్గి చూపిస్తాడు. క్లాసంతా నవ్వుతుంది. అదే మొదటి పాఠం. చట్టంలో ఆదివారం అనే మినహాయింపు ఎక్కడా లేదు. విద్యాసంస్థ రాత్రయినా విద్యాసంస్థే. మినహాయింపు వున్నది మన మనసులో.

2008 నియమాలు జరిమానా వేసే అధికారం బడిపెద్దకి ఇచ్చాయి. 2003 చట్టం రాసిన మొత్తం 200 రూపాయల దాకా. వినడానికి బాగానే వుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇరవయ్యారేళ్ళ టీచరమ్మని ఒకసారి తలుచుకోండి. జెండా పండగనాడు వూరి పెద్దాయన వచ్చి, పిల్లల ఎదుట కుర్చీలో కూచుని, సిగరెట్టు ముట్టించాడనుకోండి. ఆమె బోర్డు వైపు చూపిస్తుంది. ఆయన నవ్వుతాడు.

"ఏమ్మా, ఈ జాగా మా జేజినాయన బడికి రాసిచ్చింది, తెలుసునా?"

ఏ రసీదు పుస్తకంలో దీనికి సమాధానం వుంది? నా ఎరికలో ఒక టీచరమ్మ ఇలాంటి సందర్భంలోనే గొంతు పెంచకుండా, "తెలుసు పెద్దాయనా. అందుకే అడగతా వుండా. మీ జేజినాయన ఇచ్చింది పిలకాయలకి గదా" అంది. ఆయన ఒక్క నిమిషం వూరుకుని, లేచి గేటు బయటికి పోయి తాగి వచ్చాడు. ఆమెకి అదృష్టం బాగుంది, ఆయన మర్యాదస్థుడు. కాని అందరు టీచరమ్మలూ ఇంత చమత్కారంగా మాట్లాడాలనీ, అందరు పెద్దాయనలూ ఇంత మర్యాదగా లేవాలనీ కోరుకుంటూ కూచుంటే బడి నడవదు. బదిలీ భయం వున్న ఒంటరి మనిషి నెత్తిన వూరంతటి పనీ పెట్టేస్తే ఎలా?

ఇంకొందరు ఆ బరువు పిల్లల నెత్తిన పెడతారు. నాన్న చేత మాన్పించు, తాత చేత మాన్పించు అంటూ ప్రతిజ్ఞలు చేయిస్తారు. ఉద్దేశం మంచిదే. కాని నాన్న బీడీ తాగుతాడని క్లాసులో తల దించుకునే పిల్లవాడి బాధ కూడా చూడాలి. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వున్న వేలూరు, గుడియాత్తం వైపు ఎందరో ఆడవాళ్ళు ఇంటి గడపలో కూచుని బీడీలు చుట్టి పిల్లల్ని చదివించుకుంటున్నారు. అటు నిజామాబాదు, కరీంనగరుల్లోనూ అంతే. బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976లో పార్లమెంటు చట్టాలు చేసింది. ఆ నిధిలోంచి వాళ్ళ పిల్లలకి స్కాలర్‌షిప్పులూ వచ్చాయి. అంటే బీడీ డబ్బుతో పలకా బలపం కొనుక్కున్న పిల్లలున్నారు. పొగాకు బోర్డు మన గుంటూరులో వుంది. పొగాకు పండించిన రైతు మనవాడు, చుట్టిన అమ్మ మనది, తాగే తాత మనవాడు. వాళ్ళని దోషులుగా నిలబెట్టే పాఠం బడిలో వద్దు. అడగవలసింది ఒక్కటే. ఈ గడపలోపల వద్దు, ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే.

అది సాధ్యమా అని అడిగేవాళ్ళని ఒకసారి అలిపిరికి రమ్మంటాను. కొండెక్కే దారిలో టోల్‌గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. బీడీలు, సిగరెట్లు, గుట్కాలు అక్కడే తీసి పెట్టేయాలి. అక్కడ ఎవడైనా మా జేజినాయన ఎవరో తెలుసునా అంటాడా? కారులో వచ్చినవాడూ బస్సులో వచ్చినవాడూ ఒకటే వరస. నాలుగు గంటలు బీడీ లేకపోతే తల పగిలిపోతుందనే మనిషి పైన క్యూలో ఒక పూటంతా నిలబడి, చెక్కుచెదరకుండా దర్శనం చేసుకుని దిగివస్తాడు. తలనీలాలే ఇచ్చేసి వచ్చేవాడికి బీడీకట్ట ఒక లెక్కా? అక్కడ ఆ నియమం నిలబడింది జరిమానా భయంతో కాదు. చోటు మీద గౌరవంతో. ఒక్కడికి కూడా మినహాయింపు లేకపోవడంతో.

బడిని గుడి అని ప్రతి సభలోనూ అంటాం. ఆ మాట అన్నాక గుడికిచ్చే మర్యాద ఒక్కటైనా ఇవ్వద్దా? కేంద్రప్రభుత్వం 2019లో విద్యాసంస్థలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో నూరు గజాల దగ్గర రోడ్డు మీద పసుపు గీత గియ్యమంది. మా వైపు ఆడవాళ్ళకి ఇది కొత్త కాదు. శుభకార్యమంటే గడపకి పసుపు పూసేది మనమే. ఆ గీత టీచరమ్మ ఒక్కతే గియ్యకుండా వూరు గియ్యాలి. సర్పంచి పూనుకోవాలి, పెళ్ళివారికి బడి తాళం ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి, పోలింగు రోజున వరసలో నిలబడ్డవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవాలి. ఖర్చంటూ వుంటే గేటు దగ్గర తగిలించడానికి ఒక పాత నూనెడబ్బా. లోపలికొచ్చే పెద్దమనిషి జేబులోది అందులో వేసి, పోయేటప్పుడు తీసుకోవచ్చు.

దానిమీద ఏం రాయాలంటారా? చట్టం, సెక్షను, జరిమానా ఏవీ అక్కర్లేదు. "లోపల పిల్లలున్నారు" అని రాస్తే చాలు.